రంగు తర్వాత... ముందు బ్రేకు!

మీ ఇంట్లో పాత సైకిలు ఉందా? వెంటనే "లేదు" అనేయకండి. మెట్ల కింద, గొడ్ల చావిట్లో, మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన... ఒక్కసారి చూసి రండి. పైన గోనెసంచి, సంచి మీద విరిగిన కుర్చీ, ఆ కింద ఎక్కడో హ్యాండిలు కనబడుతూ ఉంటుంది. అమ్మేయడానికి మనసొప్పదు, తొక్కుదామంటే పనికిరాదు. పాత ఇనుము కొనే అతను వచ్చినప్పుడల్లా "ఇచ్చేస్తారామ్మా?" అని అడుగుతూనే ఉంటాడు, మనం "చూద్దాంలే" అంటూనే ఉంటాం.

క్రితం వేసవి వరకూ మా ఇంటి సంగతీ ఇంతే. మేముండేది తెనాలిలో. మా అమ్మాయి ఎనిమిదో తరగతికొచ్చింది, అబ్బాయి నాలుగు. బడి ఆటో అతను మనిషికి నెలకి 900 రూపాయలు చేశాడు. ఇద్దరికీ 1,800! పోనీ సైకిళ్లు కొనిద్దామని షాపుకి వెళితే అమ్మాయికి నచ్చింది ఆరున్నర వేలు, వాడికి నచ్చింది అయిదు వేలు. 'మనిద్దరికీ కూడా ఉంటే ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి కాలవ గట్టు మీద తిరిగి రావచ్చు కదా' అని నా మనసులో ఉన్న మాట పైకి రానేలేదు. మావారు ధర చీటీ చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. "ఏమోయ్, ఇంటికి వెళ్దామా?" అన్నారు. వచ్చేశాం.

ఆ రాత్రి నిద్ర పట్టక చుట్టాలిళ్లలో ఉన్న సైకిళ్లన్నీ లెక్కపెట్టుకున్నాను. కొల్లిపర వైపు పల్లెలో మా పుట్టింటి చావిట్లో నాన్న నల్ల సైకిలు, దాని పక్కనే నేను హైస్కూలుకి తొక్కిన లేడీస్ సైకిలు. గుంటూరులో మా మరిదిగారబ్బాయి మోటారు సైకిలు కొనుక్కున్నాక మూల పడేసిన లావు టైర్ల సైకిలు. మా ఆడపడుచు కొడుకు పొడుగైపోయి వదిలేసిన 20 అంగుళాల చిన్న సైకిలు. నాలుగు! మనుషులం కూడా నలుగురమే. తెల్లారేసరికి మావారికి చెప్పాను. "చీటీ డబ్బులో నాలుగు వేలు తీస్తాను. అంతలో నాలుగు సైకిళ్లూ రోడ్డెక్కాలి" అని. ఆయన నవ్వి, "రోడ్డెక్కడం సరే, ఆగడం కూడా రావాలి" అన్నారు. అది ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది.

మెరుపు చూసి మురిసిపోయాను

నాలుగు సైకిళ్లూ ట్రక్కు ఆటోలో ఇంటికొచ్చాయి. చేస్తే ముందు అమ్మాయిదే చేయాలి కదా! నా పాత లేడీస్ సైకిలు దానికిద్దామనుకున్నాను. ఇల్లాలిగా మనకి అలవాటైన పని ఏమిటి? తోమడం. కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిచాను. పులిహోర పొట్లం కట్టే అల్యూమినియం కాగితాన్ని ఉండచేసి, నీళ్లలో ముంచి హ్యాండిలు మీద రుద్దితే మెరుపు తిరిగొచ్చింది. (ఇది మాత్రం మంచి చిట్కానే, మీరూ చేసి చూడండి.) చక్రాల రిమ్ములు కూడా అలాగే రుద్ది, మళ్లీ తుప్పు పట్టకుండా ఉంటుందని, పైగా మెరుస్తుందని, కొబ్బరినూనె రాశాను. స్ప్రే రంగు డబ్బాలు రెండు కొని ఫ్రేముకి గులాబీ రంగు వేశాను. ముందు బుట్ట, కొత్త బెల్లు, సీటు కవరు, స్టిక్కర్లు... అన్నీ కలిపి 900 అయ్యాయి. టైర్లలో గాలి కొట్టిస్తే నిలిచింది. ఇంకేం కావాలి? అమ్మాయి చూసి "అమ్మా, కొత్తదానిలా ఉంది!" అని నన్ను కావలించుకుంది.

మూడో రోజు సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తూ కాలవ వంతెన దిగుతోందట. దిగువలో అడ్డంగా పాల బండి వచ్చింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కింది. సైకిలు ఆగలేదు. బండిని తప్పించబోయి పక్కనే ఉన్న ఇసక కుప్ప మీద పడింది. కుప్ప ఉండబట్టి సరిపోయింది, లేకపోతే కాలవే! మోచెయ్యి గీరుకుపోయింది, గడ్డం కింద మూడు కుట్లు పడ్డాయి. దానికి నొప్పి కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "నొక్కానమ్మా... నిజంగా నొక్కాను. పట్టలేదు" అని అదే మాట పదిసార్లు చెప్పింది.

కుట్లకీ, ఇంజక్షనుకీ, మందులకీ 1,100 అయింది. 900 పెట్టి సింగారించి 1,100 కట్టి వచ్చానన్నమాట. ఆ రాత్రి మా అత్తయ్యగారు ఒక్క మాటా అనలేదు. అంటే బావుండేది.

"తలకి రాయాల్సింది చక్రానికి రాశారమ్మా!"

మర్నాడు ఆ సైకిలు నడిపించుకుంటూ మా వీధి చివరి సైకిలు షాపుకి వెళ్లాను. అరవై దాటిన మనిషి, చుట్టుపక్కల అందరికీ బాబాయే. రిమ్ము మీద వేలు రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "కొబ్బరినూనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. "తలకి రాయాల్సింది చక్రానికి రాశారు. బ్రేకు రబ్బరు పట్టుకోవాల్సింది అక్కడేగా!" అన్నాడు. తర్వాత బ్రేకు రబ్బరు మీద గోరుతో నొక్కి చూపించాడు. ఇరవై ఏళ్ల నాటి రబ్బరు రాయిలా బిగుసుకుపోయింది. గోరు దిగలేదు. నూనె రాయకపోయినా అది పట్టేది కాదట, నూనె రాసేసరికి బొత్తిగా జారిపోయింది.

నేను తల దించుకుని నిలబడ్డాను. ఆయన స్టూలు చూపించి, "కూర్చోండమ్మా. పాత సైకిలు బాగుచేయడానికి ఓ వరస ఉంది. మీరు చివరిది ముందు చేశారు" అన్నాడు. ఆ వరస ఏమిటో ఆ వారం రోజులూ అక్కడే కూర్చుని చూసి నేర్చుకున్నాను. మీకోసం రాస్తున్నాను.

మొదట అస్థిపంజరం

ముందు చూడాల్సింది ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు. పైపైన తుప్పు ఉంటే భయం లేదు. గొట్టాలు కలిసే అతుకుల దగ్గర సన్నటి గీతలా పగులుందా, పెచ్చులూడే తుప్పుందా చూడాలి. పెడళ్ల ఇరుసు ఉండే చోట, వెనక చక్రం బిగించే చోట మరీ జాగ్రత్తగా చూడాలి. వాన నీళ్లు దిగి నిలిచేది అక్కడే. సైకిలు ఎదురుగా నిలబడి చూస్తే ముందు చక్రం, వెనక చక్రం ఒకే గీతలో కనబడాలి. ఫోర్కు వంగితే మార్చుకోవచ్చు. ఫ్రేము పగిలితే మాత్రం దాని మీద ఇంక పైసా పెట్టకూడదు.

మరిదిగారబ్బాయి సైకిలు, పిల్లవాడి సైకిలు, నా లేడీస్ సైకిలు ఈ పరీక్ష నెగ్గాయి. నాన్న సైకిలు దగ్గరికొచ్చేసరికి బాబాయి స్క్రూడ్రైవరుతో పెడళ్ల ఇరుసు పక్క గొట్టం మీద టకటకా కొట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట 'టక్' అనలేదు. స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది.

"వెల్డింగు పెట్టిస్తే?" అని అడిగాను.

"పెట్టొచ్చమ్మా. అతుకు పక్కనున్న రేకు కూడా ఇలాగే పలచబడింది కదా, రేపు అక్కడ విరుగుతుంది. మూటలేసుకుని నడిపించుకెళ్లేవాడికైతే పెట్టిస్తాను. మనిషి ఎక్కేదానికి పెట్టను."

నాన్న ఆ సైకిలు మీద ముప్ఫై ఏళ్లకి పైగా బడికి వెళ్లి పాఠాలు చెప్పొచ్చారు. బార్ మీద నన్నూ, క్యారియర్ మీద తమ్ముణ్నీ కూర్చోబెట్టుకుని తెనాలి తీసుకొచ్చి సినిమా చూపించారు. దాన్ని చూస్తే నోట మాట రాలేదు. బాబాయి ఇంకేమీ అనకుండా దాన్ని గోడకి చేరేశాడు.

తర్వాత చక్రాలు

సైకిలు తలకిందులు చేసి చక్రం తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు చూస్తూ ఉండండి. సందు ఒకచోట తగ్గి ఒకచోట పెరుగుతుంటే చక్రం వంకర ఉన్నట్టు. పుల్లలు బిగించి సరిచేయొచ్చు. వీణ తీగల్లా పుల్లల్ని ఒక్కొక్కటే మీటితే వదులైంది బొయ్యిమని పలుకుతుంది. విరిగిన పుల్లలు ఒకటి రెండైతే మార్చుకోవచ్చు. రిమ్మే తుప్పుకి చిల్లులు పడితే రిమ్ము మార్చాల్సిందే.

టైరు మీద గాట్లు అరిగిపోవడం కన్నా ప్రక్కలు పగుళ్లివ్వడం ప్రమాదం. వేలితో వంచి చూడండి, లోపలి దారాలు కనబడితే మార్చేయాలి. నిలవున్న సైకిలుకి గాలి నిలిచింది కదా అని నాలాగా మోసపోకండి.

టైరు కొనేటప్పుడు ఇంకో సంగతి. నా లేడీస్ సైకిలుదీ, మరిదిగారబ్బాయి సైకిలుదీ రెండూ 26 అంగుళాలే. కాని ఒకదాని టైరు రెండోదానికి పట్టదు! లేడీస్ సైకిలు టైరు మీద 26 x 1⅜ అనీ, లావు టైరు మీద 26 x 1.95 అనీ ఉన్నాయి. 26 తర్వాత ఉన్న అంకె కూడా కలవాలి. ఇంట్లోనే కాగితం మీద రాసుకుని వెళితే షాపు చుట్టూ రెండోసారి తిరగక్కర్లేదు.

గాలి దిగిపోగానే పంక్చరని కంగారు పడకండి. మామూలు సైకిళ్లలో వాల్వు లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. అది చీకిపోయినా గాలి పోతుంది. వాల్వు మీద రెండు చుక్కలు నీళ్లు వేసి చూడండి. బుడగలొస్తే ఆ చిన్న గొట్టం మారిస్తే చాలు. పంక్చరే అయితే, అతుకు వేయించాక టైరు లోపల దూది ఉండతో చుట్టూ తుడవండి. ముల్లు ఇంకా అక్కడే ఉంటే దూది పట్టుకుంటుంది. లేకపోతే సాయంత్రానికి మళ్లీ పంక్చరే.

మూడోది బ్రేకు

దీని గురించి నాకన్నా బాగా ఎవరు చెప్తారు! బ్రేకు రబ్బర్లు గట్టిపడితే మార్చేయాలి. రెండు జతలు 80 రూపాయలు. కుట్లతో పోలిస్తే ఎంత చవకో! వైరు పురులు విడిపోయినా, తుప్పు పట్టి బిగుసుకున్నా అదీ మార్చాలి. రబ్బరు రిమ్ముకే తగలాలి, టైరుకి తగిలితే టైరు కోసుకుపోతుంది. రబ్బరు కూర్చునే రేకు డిప్పకి ఒక వైపు మూసి, ఒక వైపు తెరిచి ఉంటే, మూసిన వైపు ముందుకి ఉండాలి. తిరగేసి బిగిస్తే బ్రేకు నొక్కినప్పుడు రబ్బరు జారి బయటికొచ్చేస్తుంది. రిమ్ముకి సబ్బు నీళ్లు తప్ప ఇంకేమీ తగలనివ్వకండి.

ఇనుప రిమ్ములున్న సైకిలు వానలో తడిస్తే బ్రేకు సగం కూడా పట్టదు. అలాంటప్పుడు కాస్త ముందుగానే మెల్లగా నొక్కుతూ, రిమ్ము మీద తడి తుడుచుకుపోయేలా చేసి అప్పుడు ఆగాలి. ఇది మా అమ్మాయికి నాలుగుసార్లు చెప్పాను, అయిదోసారి వాన రోజున తనే నాకు చెప్పింది.

తిరిగేవన్నీ తిరగాలి

చక్రాన్ని పైకెత్తి రిమ్ము పట్టుకుని అటూ ఇటూ కదిపితే లొడలొడలాడుతోందా? తిప్పితే లోపల గరగర మంటోందా? అయితే ఇరుసు విప్పి, పాత గ్రీజు కిరసనాయిలుతో కడిగి, అరిగిన బాల్సు మార్చి, కొత్త గ్రీజు పెట్టాలి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, పెడళ్ల ఇరుసు, హ్యాండిలు మెడ... నాలుగు చోట్లా ఇదే పని. దీన్నే ఓవర్‌హాలింగ్ అంటారు. ఇది మాత్రం ఇంట్లో ప్రయోగం చేయకుండా షాపులో చేయించడమే నయం. బాల్సు ఒక్కోచోట ఒక్కో సైజు. పొరపాటున కలిసిపోతే కందిపప్పులో పెసరపప్పు ఏరినట్టే.

చైను అరిగిందో లేదో మాత్రం మనమే చూసుకోవచ్చు. అడుగు స్కేలు తీసుకుని ఒక పిన్ను మధ్య నుంచి కొలిస్తే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అది అంగుళంలో ఎనిమిదో వంతు దాటిపోతే చైను సాగినట్టే. మరీ సాగిన చైనుతో చాలాకాలం తొక్కితే పళ్ల చక్రాలు కూడా అరుగుతాయి. అప్పుడు చైను ఒక్కటే మారిస్తే జారుతుంది.

మా చిన్నాడి సైకిలు పెడలు మారుస్తుంటే మావారు చెమటలు కక్కుతూ బిగిస్తున్నారు, అది ఊడొస్తోంది. చివరికి తెలిసింది, ఎడమ పెడలు మరలు తిరగవేసి ఉంటాయి. కుడిది మామూలుగా బిగించాలి, ఎడమది ఎదురు తిప్పి బిగించాలి. తొక్కుతుంటే ఊడిపోకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. "ఎడ్డెమంటే తెడ్డెమనేది ఇంట్లో ఇంకోటి ఉందన్నమాట" అన్నారాయన నావైపు చూసి. విననట్టు ఊరుకున్నాను.

నాన్న చక్రాలు

అలా మూడు సైకిళ్లు తయారయ్యాయి. లేడీస్ సైకిలు అమ్మాయికి, లావు టైర్లది మావారికి, చిన్నది చిన్నాడికి. నాలుగో మనిషినైన నేను మిగిలిపోయాను. ఎలాగూ చీరతో బారున్న సైకిలు ఎక్కలేను కదా అని సర్దిచెప్పుకున్నాను. ఎప్పుడో ఇంటర్‌తో ఆపేసిన సైకిలు, ఇప్పుడు నలభైకి దగ్గరపడుతూ ఎందుకు లెమ్మనుకున్నాను. మా అత్తయ్యగారు కూడా "పిల్లలకంటే అవసరం. నువ్వెందుకే అమ్మాయ్, నలుగురూ నవ్వుతారు" అన్నారు.

నలుగురు నవ్వితే ఆగిపోయేదయితే పుదుక్కోట్టై ఆడవాళ్లు ఆగిపోయేవారు. తమిళనాడులోని ఆ జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతోపాటు సైకిలు తొక్కడం కూడా నేర్పించాలని పట్టుబట్టారు. కూలికెళ్లేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, పంతులమ్మలు, వేలకొద్దీ ఆడవాళ్లు నేర్చుకున్నారు. వెక్కిరించినవాళ్లు అక్కడా ఉన్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు, బార్ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నారు! ఈ సంగతులన్నీ పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ఇది అత్తయ్యగారికి కథలా చెప్పాను. "రాళ్లు కొట్టి వచ్చి మళ్లీ సైకిలు తొక్కారా!" అన్నారామె, ఆ తర్వాత నవ్వుల మాటెత్తలేదు.

నాన్న సైకిలు ఏం చేయమంటారని అడగడానికి షాపుకి వెళ్లినప్పుడు బాబాయి తన వెనకగదిలోని ఇనుప కుప్పలోంచి ఒక ఫ్రేము లాగాడు. బార్ వంగి కిందికి దిగిన పాతకాలపు లేడీస్ ఫ్రేము. ఎవరో ఎప్పుడో వదిలేసి వెళ్లింది. తుప్పు పైపైనే. స్క్రూడ్రైవరుతో అన్ని చోట్లా కొట్టి వినిపించాడు. టక్, టక్, టక్!

"మీ నాన్నగారి చక్రాలు రెండూ దివ్యంగా ఉన్నాయమ్మా. ఆయన మానేసే ముందే టైర్లు వేయించినట్టున్నారు. హ్యాండిలు, బ్రేకు కడ్డీలు, స్ప్రింగు సీటు, క్యారియర్, స్టాండు... ఒక్క అస్థిపంజరమే కదా పోయింది!"

ఇక్కడొక చిన్న విశేషం చెప్పాలి. మన దేశంలో హెర్క్యులెస్ తయారుచేసిన టి.ఐ. సైకిల్స్ 1949లో మద్రాసులో, అట్లాస్ 1951లో సోనీపత్‌లో, హీరో 1956లో లూధియానాలో మొదలయ్యాయి. కంపెనీలు వేరయినా ఆ నల్ల సైకిళ్లన్నీ దాదాపు ఒకే మూసలో తయారయ్యాయి. అదే 28 అంగుళాల చక్రం, అవే కడ్డీ బ్రేకులు, పెడలు కాడని బిగించే అదే కాటరు పిన్ను. అందుకే ఒకదాని సామాను ఇంకోదానికి చాలావరకు అతుకుతుంది. పాత నల్ల సైకిలు ఇంట్లో ఉంటే, అది తొక్కడానికి పనికిరాకపోయినా సామాను కోసమైనా బాబాయిలాంటి వాళ్లకి చూపించండి. ఇనుముకింద తూకానికి వేయకండి.

రెండు రోజుల్లో నా సైకిలు తయారైంది. ఆ ఆదివారం నాన్న వచ్చారు. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడుస్తూ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగారు. ఫ్రేము సంగతి చెప్పడానికి నాకు భయమేసింది. చెప్పాను. ఆయన సీటు మీద చెయ్యి వేసి, ముందు చక్రం పైకెత్తి ఒక్క తిప్పు తిప్పారు. అది చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

"ఫ్రేము పోతే పోయిందిలే తల్లీ, నడిచేది చక్రాలే కదా" అన్నారు. తర్వాత, "బ్రేకు చూశావా?" అని అడిగారు.

"ముందు అదే చూశాను నాన్నా" అన్నాను.

ఖర్చు లెక్క

మా ఊరి ధరలివి. మీ ఊళ్లో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు.

అమ్మాయి సైకిలు: టైర్లు రెండు 600, ట్యూబులు రెండు 260, బ్రేకు రబ్బర్లు 80, బ్రేకు వైర్లు 100, బాల్సు, గ్రీజు 80, చైను 160, పనికి 350. మొత్తం 1,630.

చిన్నాడిది: ట్యూబు ఒకటి 110, బ్రేకు రబ్బర్లు 40, పెడళ్లు 120, పనికి 200. మొత్తం 470.

మావారిది: వెనక టైరు 380, బ్రేకు రబ్బర్లు 80, పనికి 200. మొత్తం 660.

నాది: పాత ఫ్రేము 500, ట్యూబులు 260, కాటరు పిన్నులు 40, బ్రేకు రబ్బర్లు 60, పనికి 400. మొత్తం 1,260.

నాలుగూ కలిపి 4,020. దీనికి నేను మొదట తగలేసిన 900 కలిపితే 4,920. అనుకున్నదానికన్నా 920 ఎక్కువ! వరస తెలిసి మొదలుపెట్టి ఉంటే 20 రూపాయల తేడాతో బయటపడేదాన్ని. ఆసుపత్రి 1,100 వేరే చెప్పక్కర్లేదు. అమ్మాయి ఇప్పుడు బడికి సైకిలు మీదే వెళ్తోంది కాబట్టి నెలకి 900 మిగులుతోంది. ఆరు నెలలు తిరక్కుండానే పెట్టుబడి వచ్చేసింది. చిన్నాణ్ని మాత్రం ఇంకా ఆటోలోనే పంపుతున్నాను. వాడి బడికి పెద్ద రోడ్డు దాటాలి. అక్కడ పొదుపు చేయదల్చుకోలేదు.

ఎక్కే ముందు

* చిన్నపిల్లలకి నేర్పాలంటే పెడళ్లు రెండూ విప్పేసి, సీటు బాగా కిందికి దించండి. కాళ్లతో నేలని నెట్టుకుంటూ నాలుగు రోజులు తిరిగితే తూకం దానంతటదే వస్తుంది. అప్పుడు పెడళ్లు బిగించండి. మా చిన్నాడు ఇలాగే నేర్చుకున్నాడు, వెనక పరుగెత్తే బాధ మాకు తప్పింది.

* తొక్కడం వచ్చినవాళ్లకి సీటు ఎత్తు ఇలా చూసుకోండి. సీటు మీద కూర్చుని మడమని కింద ఉన్న పెడలు మీద పెడితే కాలు దాదాపు చాపినట్టుండాలి. సీటు మరీ కిందుంటే మోకాళ్లు నొప్పి పుడతాయి. సీటు కడ్డీ కనీసం రెండున్నర అంగుళాలు గొట్టం లోపల ఉండాలి.

* చున్నీ వెనక్కి వేలాడనివ్వకండి, నడుముకి చుట్టి ముడి వేయండి. చీరకట్టుకునేవాళ్లు వెనక చక్రానికి వల, చైనుకి నిండు కవరు వేయించుకోండి.

* వెనక ఎర్ర రిఫ్లెక్టరు లేకుండా చీకట్లో వెళ్లొద్దు. పిల్లలకి హెల్మెట్ కూడా ఉంటే మంచిది. మా అమ్మాయికి కుట్లు విప్పిన రోజే కొన్నాం.

* వారానికోసారి గాలి, బ్రేకు చూడండి. నెలకోసారి చైనుకి చుక్క నూనె వేసి, ఎక్కువైంది గుడ్డతో తుడిచేయండి. ఆ గుడ్డ రిమ్ము జోలికి వెళ్లకూడదు సుమా!

ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే నలుగురం కాలవ గట్టు మీదికి వెళ్తున్నాం. అమ్మాయి సైకిలుకి గులాబీ రంగు అప్పుడే ఒకటి రెండు చోట్ల లేచిపోయింది. "మళ్లీ వేయనా?" అని అడిగాను.

"వద్దులేమ్మా, బ్రేకు పడుతోందిగా" అంది. గడ్డం కింద ఆ మచ్చ ఇంకా సన్నగా కనిపిస్తుంది. వంతెన దిగేటప్పుడు నేనెప్పుడూ దాని వెనకే ఉంటాను.